ఆకులకు చాలని బండి, మొద్దులకు ఆగని బండి: చెట్లు కొట్టే పనికి ఏ వాహనం?

2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అప్పటిదాకా కిరాయి ట్రాలీలతో నెట్టుకొస్తున్న చిన్న చిన్న పనివాళ్లంతా షోరూమ్ మెట్లెక్కి "సొంత బండి తీసుకుంటే ఎలా ఉంటుంది" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లలో చెట్ల పని చేసేవాళ్లూ ఉన్నారు. కాలనీల్లో కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం, కొబ్బరి చెట్లు శుభ్రం చేయడం, గాలివానకు ఒరిగిన వేపచెట్టును ఇంటి మీద పడకుండా ముక్కలుగా దించడం వాళ్ల పని. ముగ్గురు నలుగురు మనుషులు, రెండు చైన్ సాలు (మోటారు రంపాలు), నాలుగు మోకులు, ఒక నిచ్చెన, ఇంతే సరంజామా.

షోరూమ్‌లో మొదట అడిగేది "రోజుకి ఎంత లోడ్ వేస్తారు?" అని. గందరగోళం మొదలయ్యేది అక్కడే. సిమెంటు బస్తాలు మోసేవాడు, పాల క్యాన్లు మోసేవాడు ఈ ప్రశ్నకు ఠక్కున జవాబు చెప్పగలడు. చెట్లు కొట్టేవాడు చెప్పలేడు, ఎందుకంటే ఒకే చెట్టు నుంచి ఒకే రోజు రెండు రకాల లోడ్లు దిగుతాయి, ఆ రెండిటికీ ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు.

ముందు బరువుల సంగతి: 750 కిలోలు అంటే నిజంగా 750 కాదు

ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని మొత్తం బరువు, దీన్నే జీవీడబ్ల్యూ అంటారు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేది పేలోడ్. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది ఈ పేలోడ్‌నే. టాటా ఏస్ పెట్రోల్ లాంటి చిన్న బండికి అది సుమారు 750 కిలోలు, ఇంట్రా వీ30కి 1300, బొలెరో పికప్‌లో పెద్ద రకానికి 1700. వేరియంట్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

అయితే ఈ 750లో కొమ్మలకు మిగిలేది ఎంత? ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఏస్ బాడీ గోడలు అడుగు ఎత్తే ఉంటాయి, అందులో కొమ్మలు నిలవవు. కాబట్టి వెల్డింగ్ షాపులో ఇనుప జాలీ కట్టిస్తారు, దానికో 90 కిలోలు వేసుకోండి. చైన్ సాలు, మోకులు, నిచ్చెన, ఆయిల్, పెట్రోలు డబ్బా కలిపి 80. డ్రైవర్ పక్కన కూర్చునే మనిషి 65. ఇవన్నీ పోగా మిగిలింది 515 కిలోలు. ఒక్క ఆకు కూడా ఎక్కకముందే మూడో వంతు అయిపోయింది. (పెట్రోలు డబ్బా గురించి ఒక మాట: సొంత వాడకానికైతే మొత్తం 30 లీటర్ల దాకా లైసెన్స్ అక్కర్లేదని పెట్రోలియం చట్టం అంటుంది, కానీ మే నెల ఎండలో దాన్ని క్యాబిన్‌లో సీటు కింద పెట్టుకుని తిరగడం వేరే సంగతి.)

కొమ్మల లోడు, మొద్దుల లోడు

ఏస్ బాడీ కొలత సుమారు 2.2 మీటర్ల పొడవు, 1.49 మీటర్ల వెడల్పు. జాలీ ఎత్తు 1.2 మీటర్లు అనుకుంటే లోపలి చోటు దాదాపు 3.9 ఘనపు మీటర్లు. ఆకులతో ఉన్న కొమ్మల్ని అలాగే విసిరి వేస్తే మధ్యలో ఉండేది చాలావరకు గాలే. లెక్క కోసం ఘనపు మీటరుకు 80 కిలోలు అనుకుందాం. బండి జాలీ పైదాకా నిండి, పైన ఇద్దరెక్కి తొక్కాల్సిన స్థితికి వచ్చేసరికి అందులో ఉన్నది 315 కిలోలు. ఇంకో 200 కిలోలు మోసే శక్తి బండికి ఉంది, చోటే లేదు.

ఇప్పుడు అదే చెట్టు మొద్దు చూద్దాం. పచ్చి కర్ర, జాతిని బట్టి, ఘనపు మీటరుకు 800 నుంచి 1000 కిలోల దాకా తూగుతుంది, అంటే ఇంచుమించు నీళ్లంత బరువు. 40 సెంటీమీటర్ల అడ్డకొలత, 2 మీటర్ల పొడవు ఉన్న మొద్దు, మధ్యస్థంగా 900 లెక్కన చూసినా, 226 కిలోలు వస్తుంది. రెండు మొద్దులు వేస్తే 452. మూడోది వేస్తే 678, మనకున్నది 515 మాత్రమే. రెండు మొద్దులు పక్కపక్కన పడుకోబెడితే బాడీలో సగం వెడల్పు ఖాళీగా కనిపిస్తూ ఉంటుంది. ఆ ఖాళీ చూసి ఊరుకోగలిగే మనిషి ఎవరు? మూడోది, నాలుగోది ఎక్కిస్తారు. "ముక్కలు చేసి వేస్తే సరిపోతుందిలే" అనేవాళ్లు కూడా ఉంటారు, ముక్కలు చేస్తే ఎత్తడం తేలికవుతుంది తప్ప బరువు తగ్గదు కదా.

ఒకసారి మా వీధి చివర వేపచెట్టు కొట్టినప్పుడు నిలబడి చూశాను. కొమ్మల ట్రిప్పులు రెండు వెళ్లాయి, ఆకాశమంత ఎత్తున, చూసేవాళ్లంతా "అమ్మో ఎంత లోడు" అన్నారు, బండి హాయిగా పోయింది. చివర్లో నాలుగు మొద్దులు వేసుకుని బయల్దేరినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే బండి ఖాళీగానే కనిపించింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక కమాన్ కట్టలు బోర్లా పడ్డట్టు వంగి టైరు వెళ్లి బాడీకి రాసుకుంది, ఆ కాలిన రబ్బరు వాసన వీధంతా వచ్చింది.

పెద్ద బండి తీసుకుంటే? బొలెరో పికప్ పెద్ద రకం బాడీ సుమారు 2.7 మీటర్లు, 1.7 మీటర్లు. అంతే ఎత్తు జాలీ కడితే 5.5 ఘనపు మీటర్లు, అందులో కొమ్మలు 440 కిలోలు పడతాయి. మొద్దుల విషయానికొస్తే, 1700లో సామాను, జాలీ, మనిషి కింద 250 తీసేసినా 1450 మిగులుతుంది, అంటే ఆరు మొద్దులు. ఇది గమనించారా: బండి ధర లక్షల్లో పెరిగితే మొద్దులు మూడింతలు పడుతున్నాయి, కొమ్మలు మాత్రం నలభై శాతమే ఎక్కువ పడుతున్నాయి. రోజూ కొమ్మలు కత్తిరించే పనే ఎక్కువగా ఉన్నవాడు పెద్ద బండి కొంటే, కొన్న శక్తిలో దాదాపు 70 శాతం ఎప్పుడూ వాడుకోకుండా ఈఎంఐ కడుతున్నట్టు.

చిప్పర్ పెడితే సమస్య మారుతుంది, పోదు

కొమ్మల్ని నుజ్జు చేసే చిప్పర్ గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. దాని వాదన సూటిగా ఉంటుంది: నాలుగు ట్రిప్పుల కొమ్మలు ఒక్క ట్రిప్పులో పోతాయి. నిజమే, చోటు పరంగా. ఏస్‌లో నాలుగు ట్రిప్పులంటే 1260 కిలోలు. వాటిని నుజ్జు చేస్తే, పచ్చి ముక్కలు ఘనపు మీటరుకు 300 కిలోలు అనుకుంటే, 4.2 ఘనపు మీటర్లు అవుతుంది, ఏస్ జాలీలోకి ఇంచుమించు పట్టేస్తుంది కూడా. కానీ బరువు? 1260 కిలోలు 1260గానే ఉంది. మనకున్నది 515. అంటే చిప్పర్ వచ్చిన రోజు నుంచి కొమ్మల లోడు కూడా మొద్దుల లోడులా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. చిప్పర్, ఏస్ జోడీ కుదరదు, చిప్పర్, బొలెరో జోడీ కుదురుతుంది (1450లో 1260). చిప్పర్ కొని ఆర్నెల్లు తిరక్కుండానే బండి మార్చాల్సి రావడం ఇందుకే.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. నుజ్జును అసలు మోయడం ఎందుకు, ఆ ఇంటివాళ్ల చెట్ల మొదళ్లలోనే పరిచి వచ్చేస్తే తేమ నిలుస్తుంది, బండి పనే ఉండదు అంటారు. తోటలున్న పెద్ద ఇళ్లు, ఫామ్‌హౌస్‌ల దగ్గర ఇది బాగా నడుస్తుంది. రెండు వందల గజాల ఇంటి ముందు, సిమెంటు పరిచిన గేటు దగ్గర, నడవదు.

కొట్టిన చెట్టు చివరికి ఎక్కడికి పోతుంది?

బండి సైజును నిర్ణయించేది చెట్టు కంటే ఎక్కువగా ఈ ప్రశ్నే, విచిత్రంగా దీన్ని చివర్లో అడుగుతారు. లావు కర్ర సామిల్లుకో టింబర్ డిపోకో పోతుంది, మధ్యరకం వంటచెరకుగా హోటళ్లకు, ఇటుక బట్టీలకు. రావి, సుబాబుల్ లేత కొమ్మలైతే మేకలవాళ్లే టీవీఎస్ ఎక్సెల్ వేసుకుని వచ్చి మోపు కట్టుకుపోతారు, ఒక ట్రిప్పు ఊరికే తగ్గుతుంది. ఎవరికీ అక్కర్లేనిది ఎండు ఆకు, చిన్న రెమ్మలు, కొబ్బరి మట్టలు. పారబోసే చోటు 3 కిలోమీటర్లలో ఉంటే చిన్న బండి నాలుగుసార్లు తిరిగినా నష్టం లేదు. 20 కిలోమీటర్లయితే ప్రతి ట్రిప్పుకూ గంటన్నర పోతుంది, ఆ గంటన్నర చెట్టు కింద ముగ్గురు కూలీలు టీ తాగుతూ కూర్చుంటారు.

మొద్దులు మోసేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. చెట్టు నరకడానికి వాల్టా చట్టం, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, కింద అనుమతి కావాలి. కలప రవాణాకు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు ఉన్నాయి, మినహాయింపు ఉన్న జాతులూ ఉన్నాయి. టేకు లాంటి కర్ర కాగితం లేకుండా దొరికితే 1967 నాటి అటవీ చట్టం కింద కర్రతో పాటు బండిని కూడా పట్టుకోవచ్చు. "చెట్టు నాది కాదు సార్, కూలికి కొట్టాను" అన్నంత మాత్రాన స్టేషన్ ఆవరణలో ఉన్న బండి బయటికి రాదు, ఈఎంఐ తేదీ ఆగదు.

చట్టంలో రెండు గీతలు: 3000 కిలోలు, 7500 కిలోలు

లైసెన్స్ గురించి చాలా ఏళ్లు అయోమయం ఉండేది. కారు లైసెన్స్ ఉన్నవాడు ఎల్లో ప్లేట్ ట్రాలీ నడిపి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీలు "ఇతనికి ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ లేదు" అని చేతులెత్తేసేవి. 2017లో సుప్రీంకోర్టు ముకుంద్ దేవాంగన్ కేసులో ఎల్‌ఎంవీ, అంటే కారు లాంటి తేలిక వాహనాల లైసెన్స్, చాలని చెప్పింది, దానిమీద మళ్లీ సందేహాలు వచ్చాయి, చివరికి 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది: మొత్తం బరువు 7500 కిలోల లోపున్న రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చు. మనం మాట్లాడుకుంటున్న బళ్లన్నీ ఈ గీత లోపలివే.

రెండో గీత 3000 కిలోలది. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఇంట్రా వీ50 మొత్తం బరువు 2940 కిలోలు ఉంటుంది, 3000కు కాస్త ముందే. బొలెరో 1.7 టన్ను రకం గీత దాటుతుంది. పర్మిట్ ఉంటే కొంపేమీ మునగదు, కానీ రెన్యువల్ అనే ఇంకో తేదీ గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మాత్రం అందరికీ తప్పదు, బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

ఓవర్‌లోడ్ సంగతికొస్తే 2019 సవరణ చట్టంలో రాసింది 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. అదే సెక్షన్‌లో ఇంకో ముక్క ఉంది, చెట్లవాళ్లకు అదే ఎక్కువ తగులుతుంది: సరుకు బాడీ పక్కలకు, ముందుకు, వెనక్కు పొడుచుకొచ్చినా, ఎత్తు పరిమితి మించినా 20,000. అంటే 315 కిలోలే ఉన్నా, రెమ్మలు వెనక మూడడుగులు వేలాడుతూ పక్క స్కూటీవాడి మొహానికి తగిలేలా ఉన్నా కేసే. ఏడడుగుల బాడీలో పన్నెండడుగుల నిచ్చెన కూడా ఇదే కోవలోకి వస్తుంది. దాన్ని క్యాబిన్ పైన స్టాండ్ కట్టి ఏటవాలుగా పెట్టుకుంటారు.

మనుషులు ఎక్కడ కూర్చుంటారు?

రోజూ కళ్ల ముందు కనిపించే దృశ్యం: లోడు మీద ముగ్గురు, మోకు పట్టుకుని. సరుకు బండి వెనక ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో చెప్పింది. యజమాని జీతమిచ్చే కూలీల విషయం కొంచెం వేరు, వాళ్లకు కార్మిక పరిహార నిబంధనల పరిధిలో రక్షణ ఉండొచ్చు, అది పాలసీలో ఎంతమందికి ప్రీమియం కట్టారు, ఎక్కడ కూర్చున్నారు అనేదాన్ని బట్టి ఉంటుంది. కోర్టులో తేలేలోపు ఆ కుటుంబం సంగతి ఎవరూ అడగరు.

ఇక్కడే ఐదుగురు కూర్చునే బొలెరో క్యాంపర్ లాంటి డబుల్ క్యాబిన్ బళ్ల మాట వస్తుంది. మనుషులు గౌరవంగా లోపల కూర్చుంటారు, వానొస్తే తడవరు. బదులుగా వెనక బాడీ దాదాపు సగానికి పడిపోతుంది. కొమ్మలకు కావాల్సిందే చోటు, మనం వదులుకుంటున్నదీ అదే. దీన్ని సమర్థించేవాళ్లు "చెత్త మోయడానికి కిరాయి ట్రాలీ దొరుకుతుంది, మంచి పనివాడు దొరకడు" అంటారు. చిప్పర్‌ని వెనక లాక్కెళ్లేవాళ్లకు, సామాను మాత్రమే మోసేవాళ్లకు ఈ వాదన సరిపోతుందని నాకనిపిస్తుంది. మిగతావాళ్లలో ఎక్కువమంది కూలీల్ని ఒక ఆటోలో పంపి, దాని ఖర్చు పని రేటులో కలిపేస్తున్నారు, అదేమీ తెలివితక్కువ పని కాదు.

డీజిలా, పెట్రోలా, కరెంటా

చెట్ల పనిలో బండి తిరిగేది తక్కువ, ఆగి ఉండేది ఎక్కువ. పొద్దున 6 కిలోమీటర్లు వెళ్లి, నాలుగు గంటలు ఆగి, మళ్లీ 6 కిలోమీటర్లు. 2020 ఏప్రిల్ తర్వాతి చాలా బీఎస్6 డీజిల్ బళ్లలో పొగమసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, అది కొంతసేపు మంచి స్పీడులో నడిస్తేనే వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఇలా ముక్కలు ముక్కలుగా తిరిగే బండిలో అది మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఆ లైటు చూసినప్పుడల్లా టెన్షనే. రోజుకు 20, 30 కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్ మైలేజీ లాభం పెద్దగా కనపడదు, పెట్రోలు చాలు. సీఎన్‌జీ చవకే, కానీ సిలిండర్ బరువు పేలోడ్‌లోంచే పోతుంది. మారుతీ సూపర్ క్యారీ పెట్రోల్ 740 కిలోలు మోస్తే సీఎన్‌జీ రకం 625 మోస్తుంది.

ఎలక్ట్రిక్ బండి ఈ పనికి కాగితం మీద బాగా సరిపోతుంది. 2022లో వచ్చిన ఏస్ ఈవీ 600 కిలోల పేలోడ్‌ది, 2024లో టన్ను రకం వచ్చింది, రోజువారీ దూరానికి బ్యాటరీ చాలు. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 చివరిదాకా చిన్న సరుకు బళ్లతో సహా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఇచ్చారు. అడ్డొచ్చేది కొనే ధర, ఇంకా రాత్రి బండి ఆపేచోట ప్లగ్గు. అద్దె ఇంటి ముందు రోడ్డు మీద ఆపుకునేవాడికి ఆ ప్లగ్గు ఎక్కడిది?

సొంత బండి ఎన్ని ట్రిప్పులకు గిట్టుబాటు?

ఊహ అంకెలతో ఒక లెక్క వేద్దాం. 6 లక్షల లోను, 11 శాతం వడ్డీ, నాలుగేళ్లు: ఈఎంఐ సుమారు 15,500. ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఎఫ్‌సీ, టైర్లు, రిపేర్ల కింద నెలకు 4,500 పక్కన పెట్టుకుంటే మొత్తం 20,000, బండి కదిలినా కదలకపోయినా. (థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేట్ల ప్రకారం 16,049 రూపాయలు, 7500 కిలోల లోపు నాలుగు చక్రాల సరుకు బండికి చిన్నదైనా పెద్దదైనా అదే. ఏస్‌వాడికి ఇది కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది.) కిరాయి ట్రాలీ ట్రిప్పుకు 1,800 అనుకుందాం, సొంత బండికి ఇంధనం, పారబోసే ఖర్చు 600. ట్రిప్పుకు మిగిలేది 1,200. ఇరవై వేలను దానితో భాగిస్తే 17 ట్రిప్పులు. నెలకు అంతకంటే తక్కువ తిరిగితే కిరాయే నయం, 25 దాటితే సొంత బండి చేతిలో డబ్బు మిగులుస్తుంది.

కానీ నెల సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. వానాకాలం ముందు, మే, జూన్‌లో, ఈదురుగాలుల మర్నాడు, అందరికీ ట్రాలీ కావాలి, కిరాయి రెట్టింపు చెప్తారు, ఫోన్ ఎత్తరు. సొంత బండి ఉన్నవాడు ఆ రోజు మూడిళ్ల పని చేస్తాడు. చలికాలంలో అదే బండి గోడ పక్కన నిలబడి ఉంటుంది. సొంత బండి వద్దనేవాళ్లు చలికాలాన్ని చూపిస్తారు, కావాలనేవాళ్లు మే నెలను చూపిస్తారు, ఇద్దరి లెక్కా తప్పు కాదు. అందుకే మధ్యేమార్గంగా చాలామంది కొమ్మలకు సరిపడా చిన్న బండి ఒకటి సొంతానికి పెట్టుకుని, మొద్దుల రోజున మాత్రం పెద్ద పికప్పో, ఊళ్లలోనైతే ట్రాక్టర్ ట్రాలీయో కిరాయికి పిలుస్తారు. నగరం సందుల్లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది, ఏస్ 4.3 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోతుంది, దాదాపు 5 మీటర్ల పొడవున్న పికప్ సందులోకి వెళ్తే వెనక్కే రావాలి. కోనసీమలో కొబ్బరి తోటలు శుభ్రం చేసేవాడికి మాత్రం ఈ లెక్క వర్తించదు, అక్కడ గట్ల మీద దిగబడకుండా వెళ్లేది ట్రాక్టరే, మట్టలు తోటలోనే ఉండిపోతాయి.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు ఇదంతా తిరగేసి చదవాలి. వెనక కమాన్ కట్టలో కంపెనీ ఇచ్చినదానికంటే పట్టీలు ఎక్కువ కనిపిస్తే అమ్మేవాడు "స్ట్రాంగ్ చేయించాం అన్నా" అంటాడు. బండి ఎప్పుడూ మోయకూడనిది మోసిందని దానర్థం. పట్టీలు పెంచితే బండి వంగదు, అంతే. బ్రేకులు, యాక్సిల్, ఆర్‌సీలో రాసిన అంకె పెరగవు. దారిలో వేబ్రిడ్జ్ కనిపిస్తే జాలీ, సామానుతో సహా ఖాళీ బండిని ఒకసారి కాటా వేయించి చూడండి, ఆ స్లిప్పు మీద వచ్చే అంకెకూ ఆర్‌సీలోని ఖాళీ బరువుకూ మధ్య తేడా చూస్తే చాలామంది స్లిప్పు తిప్పి మళ్లీ చూస్తారు.